ఆయిల్ మార్చుట అతి సులభము

మెకానిక్ షాపు ముందు బల్ల మీద అరగంట కూర్చునే శ్రమ తప్పించుకోవడానికి ఆదివారమంతా ఇంటి వరండాలో గొంతుకూర్చుని ఇంజిన్ ఆయిల్ మార్చుకునే సత్సంప్రదాయం వేదాయపాళెం మొదలు స్టోన్‌హౌస్‌పేట దాకా నెల్లూరంతటా వ్యాపించడం మిక్కిలి హర్షదాయకం.

నిజానికి పని చిన్నదే. వంద సీసీ బైకుకు పట్టేది సుమారు లీటరే. కాసేపు ఇంజిన్ నడిపి, ఆయిల్ వేడెక్కి పలుచబడ్డాక మెయిన్ స్టాండు వేసి, కింద డ్రెయిన్ బోల్టు విప్పి, పావుగంట కారనిచ్చి, కొత్త వాషర్‌తో బిగించి, గరాటుతో కొత్త ఆయిల్ పోస్తే సరి. అయితే ఇంతకన్నా సులువైన మార్గాలను మనవారు కనిపెట్టారు. కొత్త వాషర్ కొనడం దుబారా గనుక పాతదే వేసి, కారే చుక్కను ఆపడానికి రింగు స్పానర్‌కు ఇనుప పైపు తొడిగి బలంకొద్దీ తిప్పుతారు. మెత్తని అల్యూమినియం చాంబర్‌లో మరలు పోయి బోల్టు ఉత్తినే తిరుగుతుంది. ఇకమీదట దాన్ని విప్పడానికి స్పానరే అక్కరలేదు, వేళ్లు చాలు.

కారుకు తెచ్చిన ఆయిల్ మిగిలితే బండిలో పోయడం మరో పొదుపు. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి గనుక, అలాంటి క్లచ్‌కు పనికొచ్చే ఆయిలని తెలిపే ‘జాసో ఎంఏ’ అనే గుర్తును డబ్బా మీద చూసుకోమని తెలిసినవారు చెబుతారు. కార్ల ఆయిల్‌లో ఘర్షణ తగ్గించే మందులుంటే క్లచ్ జారి, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా మోతే తప్ప వేగం రాదు. వేగ నియంత్రణకు ఇంత చవకైన ఉపాయం రవాణా శాఖ వారికి కూడా తట్టలేదు.

మన ప్రతిభ పూర్తిగా వెలిగేది మాత్రం వాడి తీసేసిన నల్ల ఆయిల్ దగ్గరే. పక్క కోసిన నీళ్ల క్యానులో పట్టిన ఆ ద్రవాన్ని, చెద పట్టకుండా పందిరి గుంజలకు పూసి, కిర్రుమనే గేటు బందులకు రాసి, మిగిలినదాన్ని ఇంటి ముందు సైడు కాలువకు సమర్పిస్తారు. చేపల పులుసు మీద నూనె తేలితే తప్ప ముద్ద దిగని ఊరికి, చేపలున్న నీటి మీద నూనె తేలితే అభ్యంతరమేముంటుంది? ఆ పొర కింద నీటికి గాలి సరిగా అందదని, అందులో ఇంజిన్ అరుగుదలకు రాలిన లోహపు పొడి కూడా ఉంటుందని నెల్లూరు మీదుగా పారే సర్వేపల్లి కాలువ కింద సాగు చేసే రైతు చింతించవచ్చు గానీ, ఆయన మన వీధివాడు కాడు.

2016 నాటి నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగా పరిగణించి, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలంటున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని శుద్ధి చేయించే బాధ్యతలో తయారీదారులకు, దిగుమతిదారులకు కూడా వాటా పెట్టారు. ఆ కేంద్రాలకు మన వరండా నుంచి దారి ఏదో మాత్రం కొత్త డబ్బా మీద వెతికినా దొరకదు.

ఖాళీ అయిన ఆ డబ్బాలోనే నల్ల ఆయిల్ పోసి, మూత బిగించి, పాత ఆయిల్ కొనుక్కుపోయేవారి కోసం డ్రమ్ము పెట్టుకున్న మెకానిక్‌కు ఇచ్చి రావడమనే మార్గం ఒకటుంది. దానిలో లోపమల్లా, ఏ షాపును తప్పించుకోవాలని ఆదివారం పోగొట్టుకున్నామో ఆ షాపుకే వెళ్లవలసి రావడం, అక్కడ మెకానిక్ మనల్ని పైనుంచి కిందికి చూసి, “ఏంది సార్, బండి ఇంటికాడ పెట్టి డబ్బా తెచ్చినారు?” అని అడగడం.