అద్దం మీది బొట్టుబిళ్లలు

ఆయన: ఏమే, గడ్డం గీసుకుందామంటే అద్దంలో మొహమే కనబడదు. అన్నీ నీ బొట్టుబిళ్లలే! ఈ పామేమిటి?

ఆవిడ: సుధా చంద్రన్ మోడల్. పీకకండి, జిగురు పోతుంది.

ఆయన: ఎవరూ, సీరియల్లో కుట్రలు పన్నే ఆవిడా?

ఆవిడ: అందులో ఆవిడ పాత్ర పేరు రమోలా సికంద్, అలా అనండి. 2001లో వచ్చింది ఆ సీరియల్, 'కహీ కిసీ రోజ్'. హిందీ ముక్క రాకపోయినా బొట్ల కోసమే చూశాను.

ఆయన: ఆగాగు. 'మయూరి'లో అమ్మాయేనా? హాల్లో మూడుసార్లు చూశానే! 1981లో బస్సు ప్రమాదంలో కుడికాలు పోతే, జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ గజ్జె కట్టింది. ఆవిడ కథలో ఆవిడ చేతే వేషం వేయించాడు సింగీతం శ్రీనివాసరావు. అలాంటి నర్తకిని సోఫాలో కూలేసి కనుబొమలు ఎగరేయిస్తారా?

ఆవిడ: అంత తేలికా? ఏదీ, ఒక్కటి ఎగరేయండి.

ఆయన: ఇదిగో.

ఆవిడ: రెండూ లేచాయి. చెవులు కూడా కదిలాయి. భరతనాట్యంలో కంటికి వేరే సాధన, కనుబొమకి వేరే, మెడకి వేరే. సీరియల్లో కెమెరా మొహం దాటి కిందికి దిగదు కాబట్టి ఆ చదువంతా అక్కడ పనికొచ్చింది.

ఆయన: మేం కన్నీళ్లు పెట్టుకుంది ఆ కాలు చూసి కదే!

ఆవిడ: ఎన్నాళ్లు పెట్టుకుంటారండీ? అదే కథ 1986లో హిందీలోనూ తీశారు, 'నాచే మయూరి' అని. అందులోనూ ఆవిడే. మూడోసారి ఎవరు తీస్తారు? అదే విలన్ అయితే ఏళ్ల తరబడి పని. 2015లో 'నాగిన్'లో యామినిగా కూడా ఆవిడే. ఒకప్పుడు 'అయ్యో పాపం' అన్న జనమే 'దీని దుంపతెగ' అని మెటికలు విరిచారు. ఆ తిట్ల కోసం ఎంత కష్టపడాలో మీకేం తెలుసు?

ఆయన: నీతో మాట్లాడితే బ్యాంకు మూసేస్తారు. వస్తా. ఏమిటలా చూస్తావు?

ఆవిడ: ఏం లేదు. ఇవాళ మీ మొహంలో ఏదో కళ ఉంది.

(గంట తర్వాత)

ఆయన: నిజమేనే! క్యూలో అందరూ నన్నే చూశారు. క్యాషియర్ అయితే నవ్వు ఆపుకోలేక నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

ఆవిడ: అద్దం మీద పాము ఎటుపోయిందా అని అప్పటినుంచీ వెతుకుతున్నా. ఇలా రండి.

ఆయన: ఎక్కడే? గడ్డం మీదా! ముందే చెప్పొచ్చు కదే!

ఆవిడ: గోకకండి. జిగురు పోతుంది.