నాలుగు నిమిషాలు ఎవరి ఖాతాలో?

గుణుపురంలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున్న నాన్నకీ వదినకీ జరిగిన వాదన ఇది, పక్కనే కూర్చుని విన్నా, గుర్తున్నంత వరకు రాస్తున్నా. నాన్న స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. వదిన అంటే మా మేనత్త కూతురు, పర్లాకిమిడిలో ఉంటుంది, ఈ ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ల వాళ్లం శనివారం రాత్రుళ్లు ఆన్‌లైన్‌లో ఆడుకునే బ్రిడ్జ్ (నలుగురు రెండు జోడీలుగా ఆడే పేకాట) టోర్నీకి డైరెక్టర్ తనే. ముందు రోజు రాత్రి 11 టేబుళ్లు, రౌండుకి రెండు బోర్డులు, 14 నిమిషాలు. బోర్డంటే ఒక పంపకం, అవే ముక్కలు అన్ని టేబుళ్లలోనూ ఆడి, ఎవరికెన్ని వచ్చాయో పోల్చి శాతం వేస్తారు. ఆఖరి రౌండులో నాన్న చేతిలో ఇంకా మూడు ముక్కలుండగానే టైం అయిపోయి టేబుల్ మూసుకుపోయింది, సాఫ్ట్‌వేర్ ఆ బోర్డుకి రెండు జోడీలకీ చెరో 50 శాతం, అంటే సగటు మార్కు, వేసేసింది. నాన్నకి రాత్రంతా నిద్ర లేదు, వదిన బండి దిగొచ్చి టీ గ్లాసు పట్టుకుందో లేదో మొదలెట్టేశారు.

నాన్న: చూడమ్మా, నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్టు, అంటే ఇస్పేటు తురుపు, పదమూడు పట్లలో పది తేవాలి. పది పట్లు ఆడేశాం, అందులో ఎనిమిది నావి. మిగిలినవి రెండు తురుపులు, డైమను ఆసు. బయట ఒక్క తురుపు లేదు. మూడూ నావే, చిన్నపిల్లాడి చేతికిచ్చినా పదకొండు చేస్తాడు. చాలా టేబుళ్లలో పదే వచ్చాయి, పదకొండు పడుంటే ఆ బోర్డులో మేం ఎక్కడో పైనుండేవాళ్లం. దానికి 50 ఏటి?

వదిన: మరి క్లెయిమ్ ఎందుకు కొట్టలేదు మావయ్యా? బ్రిడ్జ్ రూల్ బుక్కులో లా 68 ఉన్నదే అందుకు, మిగిలినవి నావి అని చూపించేస్తే ఐదు సెకన్ల పని.

నాన్న: కొట్టాను. కొడితే సరిపోద్దా, అవతలి ఇద్దరూ ఒప్పుకుంటేనే కదా అది పడేది. ఒకాయన ఒప్పుకున్నాడు, రెండో ఆయన పేరు ఎర్రగా ఉంది, నెట్ పోయింది. ఎర్రబడ్డ పేరు అవుననదు, కాదనదు. స్క్రీన్ కేసి చూస్తూ కూర్చున్నా, చూస్తుండగానే టేబుల్ పోయింది.

వదిన: మీ బాధ నాకర్థమైంది, కానీ నా వైపు నుంచి కూడా చూడండి. 44 మంది ఆడుతున్నారు, ఒక్క టేబుల్ లేటయితే అందరూ ఆగాలి. మా చిన్నప్పుడు మీరే చెప్పేవారు, సింగిల్ లైన్లో ఎదురు బండి రానిదే ఈ బండి కదలదు, ఒకటి ఆలస్యమైతే రెండోది స్టేషన్‌లో పక్క లైను మీద, లూపులో, నిలబడిపోవాలని. మాదీ సింగిల్ లైనే. 12 నిమిషాల్లో ఆట ముగించేసి బుద్ధిగా కూర్చున్నవాళ్లని ఇంకో నాలుగు నిమిషాలు ఆపమంటారా? అందులో తెల్లారగానే డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లున్నారు. అసలు మేం ఇచ్చింది తక్కువేం కాదు, క్లబ్బుల్లో ముక్కలు చేత్తో పట్టుకుని ఆడితేనే రెండు బోర్డులకి 15 నిమిషాలు, ఆన్‌లైన్లో పంచడం లేదు, లెక్క రాసుకోవడం లేదు, బోర్డుకి 5 నిమిషాల స్పీడ్ టోర్నీలు కూడా ఉన్నాయి.

నాన్న: టైం పెట్టొద్దని నేనన్నానా? పెట్టు. 14 కాకపోతే 12 పెట్టు. గడియారం ఆపమనీ అడగను. లేటయ్యాక అది ఎవరి లేటు అన్నది అడుగుతున్నా. అవే చిన్నబండి (నేరోగేజీ) రోజులు చెప్తా విను, 1900లో పర్లాకిమిడి మహారాజు వేయించిన లైను, ఇప్పుడంటే 2011లో బ్రాడ్‌గేజీ అయిపోయింది గానీ. బండి పావుగంట లేటు అంటే కంట్రోల్ వాడు అక్కడితో వదిలేవాడు కాదు. ఆ పావుగంటలో ఇంజినీరింగ్‌కి ఎన్ని, సిగ్నల్‌కి ఎన్ని, ఇంజనుకి ఎన్ని, నా స్టేషన్‌కి ఎన్ని, నిమిషం నిమిషం ఎవరో ఒకరి ఖాతాలో పడాల్సిందే. దానికోసం మేం ఫోన్లో కొట్టుకున్నంత పని చేసేవాళ్లం. ఎందుకూ, రేపు మళ్లీ లేటవకూడదని. మీ సాఫ్ట్‌వేర్ పావుగంట లేటని చెప్పేసి నాలుగు డిపార్టుమెంట్లకీ సమానంగా పంచేస్తంది.

వదిన: ఎవరి ఖాతా అని నేనెలా తేల్చను? అడిగితే అందరూ అవతలోడే అంటారు. ఇప్పటిదాకా ఒక్కరు, నిజంగా ఒక్కరు, లేటు మాదేనండి అని నాకు మెసేజ్ పెట్టలేదు. పోనీ నెట్ పోయినవాళ్లని వదిలేద్దామంటే మర్నాటి నుంచి అందరి నెట్టూ పోద్ది. వైఫై చేత్తో ఆపేసినా పేరు ఎర్రబడుద్ది మావయ్యా, తెలుసా? అది వానకి పోయిందా వేలికి పోయిందా పర్లాకిమిడిలో కూర్చుని నేను చెప్పలేను. చెప్పలేనప్పుడు అందరికీ ఒకటే కొలత పెట్టడమే న్యాయం. కనీసం నా మొహం చూసి నావాళ్లకి ఒకలా, పైవాళ్లకి ఒకలా వేసిందని ఎవరూ అనరు. మీకు తెలీదేమో, మీ పేరు అందులో ఉంది కాబట్టే రాత్రి నేను ఆ బోర్డు ముట్టుకోలేదు.

(ఈ మాటకి నాన్న కాసేపు ఏం అనలేదు. ఆ సంగతి ఆయనకి తట్టలేదనుకుంటా. నాకూ తట్టలేదు.)

నాన్న: సరే తల్లీ, అది నీ నిజాయితీ, నేను కాదనను. కానీ ఆ ఒకటే కొలత ఎవరికి పనికొస్తందో చూడు. ఒకడు తప్పు కాంట్రాక్టులో ఇరుక్కున్నాడనుకో, మూడు పట్లు తక్కువ పోతాయని వాడికి తెలిసిపోయింది. ఆడేస్తే సున్నా, మహా అయితే 5 శాతం. ఆడకుండా గడియారం కేసి చూస్తూ కూర్చుంటే 50. ఇంక వాడెందుకు ఆడతాడు? నీ కొలత సాగదీసేవాడికి జీతం ఇస్తంది. రూల్ బుక్కులో ఏముంది? లా 12లో మూడు మెట్లున్నాయి, బోర్డు ఆడలేకపోతే తప్పు చేసినవాడికి 40కి మించి రాదు, కొంత తప్పున్నవాడికి 50, ఏ తప్పూ లేనివాడికి 60కి తగ్గదు. లా 90లో నెమ్మదిగా ఆడితే పెనాల్టీ వేయొచ్చని విడిగా రాసే ఉంది. మూడు మెట్ల నిచ్చెన ఇస్తే మీరు మధ్య మెట్టు ఒక్కటే ఉంచారు.

వదిన: సాగదీసేవాళ్లు ఉన్నారు, ఒప్పుకుంటా. వాళ్ల మీద నాకూ మంటే. కానీ ఆ మూడు మెట్లు వాడాలంటే నేను ఆ టేబుల్ దగ్గర ఉండాలి కదా, 11 టేబుళ్లకి ఒక్కర్తిని. ఇంకోటి, ఆలోచించడం నేరం కాదు. ఒకాయన నిజంగా కష్టమైన ముక్క దగ్గర ఆగాడు, ఇంకొకాయన కావాలని ఆగాడు, సర్వర్‌కి రెండూ ఒకటే. పైగా మన ఆటలో ఆగడమే పెద్ద గొడవ, బిడ్డింగ్‌లో, అంటే కాంట్రాక్టు కోసం పాట పాడేటప్పుడు, ఆగి పాస్ అన్నాడంటే వాడి పార్ట్‌నర్‌కి కబురందినట్టే, లా 16 ఉన్నదే దానికి. ఇప్పుడు నేను ప్రతివాడి సెకన్లూ లెక్కపెట్టి పెనాల్టీ అంటే, జనం భయపడి ఆలోచించకుండా ముక్కలేస్తారు. అదేం ఆట?

నాన్న: చదరంగంలో ఎవరి గడియారం వాళ్లకి లేదా?

వదిన: అక్కడ ఇద్దరే. ఇక్కడ నలుగురు, అందులో ఒకరు ముక్కలు పరిచేసి ఊరుకునే డమ్మీ.

నాన్న: డమ్మీకి గడియారం వద్దులే, దాని ముక్కలూ కాంట్రాక్టు ఆడే జోడీదారు, డిక్లేరరే, ఆడతాడు కదా, ఆ టైం వాడిదే. అది సరే, పెద్దవాళ్ల మాటేటి? మాలో 75 దాటినవాళ్లు ముగ్గురున్నారు, వేలు వణుకుద్ది, ఒక ముక్క నొక్కితే పక్క ముక్క పడుద్దని అద్దాలు సర్దుకుని నొక్కుతారు. వాళ్లకి ఒక్క నిమిషం...

వదిన: ఇవ్వను. ఇది మాత్రం ఇవ్వను మావయ్యా. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనకి బ్రిడ్జ్‌లో బంగారం తెచ్చిన ప్రణబ్ బర్ధన్ గారికి 60 ఏళ్లు, ఆయనెవర్నీ ఎక్కువ టైం అడగలేదు. పెద్దవాళ్లతో సమానంగా ఆడగలగడమే ఈ ఆటలో గొప్ప, వయసుకో గడియారం పెడితే ఆ గొప్ప పోతుంది. కావాలంటే రౌండు అందరికీ 15 చేస్తా.

నాన్న: 15 చెయ్. అది బాగుంది.

ఇద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్కటే, నా ఉద్దేశంలో అది మంచి పనే. అప్పుడు నాన్న లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చారు. ఆయన ఆడేటప్పుడు పక్కన టైములు రాసుకుంటారు, స్టేషన్‌లో ట్రైన్ రిజిస్టర్ రాసిన అలవాటు, ఎన్నేళ్లయినా పోలేదు.

నాన్న: చూడు. రౌండు మొదలు 9:40. మొదటి బోర్డు, వెస్ట్ (పడమరాయన) లీడ్, అంటే మొదటి ముక్క, వెయ్యాలి, 9:42. పేరు ఎరుపు. లీడ్ పడింది 9:46. నాలుగు నిమిషాలు. ఆ బోర్డు అయ్యేసరికి 9:50. రెండోదానికి మిగిలింది నాలుగే.

వదిన: వానకి నెట్ పోతే ఆయన తప్పేటి మావయ్యా? రాత్రి వంశధార అవతల కరెంటే లేదు.

నాన్న: తప్పు వేరు, ఖాతా వేరు. సిగ్నల్ ఫెయిలైతే ఎవడూ కావాలని చెయ్యడు, అయినా నిమిషాలు సిగ్నల్ వాళ్లకే రాస్తాం. ఒకరోజు రాస్తే ఎవరి ఉద్యోగమూ పోదు. నాలుగు శనివారాలు వరసగా ఒకే పేరు పక్కన పడితే అప్పుడడుగు, వానా వేలా అని.

వదిన: (పేజీ తిప్పి చూస్తూ) ఇదేటి, 9:52 నుంచి 9:53, పక్కన 'నేను' అని రాసుంది?

నాన్న: ఆఠీనుని చిన్న తురుపుతో కొట్టాలా, జాకీతో కొట్టాలా అని ఆగాను. తూర్పాయన దగ్గర రాణి ఉందేమోనని. ఒక నిమిషం.

వదిన: అంటే లేటులో మీదీ ఉంది. మీ మూడు మెట్ల లెక్కే పెడితే, కొంత తప్పు, మీకు 50. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది కూడా అదే.

నాన్న: నాకు 50 చాలు. వాళ్ల పక్కన 40 రాయి. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడికెళ్లాయో కాగితం మీద కనపడాలి, నాకు అంతే కావాలి.

వదిన: రాయలేను. ఫలితం పెట్టిన అరగంటలో అడగాలి, లా 79 అంతే చెప్తుంది, మీరు పొద్దున్న అడుగుతున్నారు.

నాన్న: నిర్వాహకులు వేరే గడువు పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది.

వదిన: ఉంది. నిన్నటిదానికి పెట్టుకోలేదు కదా, ఆట అయిపోయాక రూలు మార్చను. వచ్చే శనివారానికి గడువు మర్నాడు పొద్దున్న పది దాకా ఇస్తా, టేబుల్ కట్టయిన బోర్డులు నాలుగు చేతులూ తెరిచి నేనే చూస్తా, మిగిలిన పట్లు ఖాయంగా ఒకరివే అయితే వాళ్లకి వేస్తా. నిమిషాల ఖాతా మాత్రం నా ఒక్కదాని మాట కాదు, 44 మందినీ అడగాలి.

నాన్న: అడుగు.

వదిన ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంది. నాన్న అప్పటికే ఇంకో పేజీలో స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు, బోర్డు నంబరు, మొదలైన టైం, అయిన టైం, ఎవరి ఖాతా.