సగం ట్యాంకు సలహా: వెలితిని మరచిన హెచ్చరిక

ఎండలు ముదిరాయంటే కోనసీమ ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక హెచ్చరిక మళ్లీ వచ్చి చేరుతుంది. ఇండియన్ ఆయిల్ పేరు తగిలించుకుని తిరిగే ఆ సందేశం సారాంశం ఇది: వేసవిలో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టిస్తే బండి పేలిపోతుంది, కాబట్టి సగమే నింపి మిగతా సగం గాలికి వదలాలి, నిండా కొట్టించినందువల్ల ఈ వారంలోనే ఐదు పేలుళ్లు జరిగాయి, రోజుకొకసారి మూత తీసి లోపలి గ్యాసును బయటికి పోనివ్వాలి. రొయ్యల రైతుల గ్రూపులో దీన్ని చదివిన మా పొరుగు రైతు ఒకాయన మిట్టమధ్యాహ్నం జనరేటర్ షెడ్డులో మోటారు సైకిలు మూత తీసి పది నిమిషాలు అలాగే వదిలేయడం కళ్లారా చూశాక, ఇందులోని ఒక్కొక్క మాటకూ జవాబు రాయడం అవసరమనిపించింది.

ముందుగా ఆ పేరు సంగతి. ఇది తమ ప్రకటన కాదని ఇండియన్ ఆయిల్ సంస్థే బహిరంగంగా ఖండించింది. వాహన తయారీదారు నిర్ణయించిన పరిమితి వరకు చలికాలమైనా వేసవైనా నింపుకోవచ్చని స్పష్టం చేసింది. ఐదు పేలుళ్ల మాటకు ఊరి పేరు లేదు, తేదీ లేదు. ఏటా తిరిగి వచ్చే సందేశంలో "ఈ వారం" అన్న మాట మాత్రం మారదు.

పెట్రోలు వేడికి వ్యాకోచించి ట్యాంకును పగలగొడుతుందన్నది రెండో వాదన. వ్యాకోచం నిజమే, కాని ఎంత? ఒక్క డిగ్రీకి పెట్రోలు ఘనపరిమాణం వెయ్యింట ఒక వంతు కన్నా కొంచెం తక్కువ పెరుగుతుంది. పది లీటర్ల పెట్రోలు ఇరవై డిగ్రీలు వేడెక్కితే పెరిగేది సుమారు 190 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. తయారీదారులు ట్యాంకు పరిమితిని నిర్ణయించేది ఈ పెరుగుదలకు చోటు ఉంచిన తరువాతే. పీడనం పెరగకుండా గాలి దారి కూడా ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాల పెట్రోలు బండ్లలో ఆ ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా అమర్చి ఉంటుంది. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. నాజిల్ దానంతట అది ఆగిన తరువాత కూడా మూతి అంచు దాకా పోయించుకునే అలవాటు మంచిది కాదు, ఎందుకంటే అప్పుడు ఆ చోటు పూడిపోయి పెట్రోలు బయటికి కారుతుంది. అది మానితే చాలు, సగంతో సరిపెట్టుకోనక్కర లేదు.

ఎండ వేడికే పెట్రోలు అంటుకుంటుందన్న భయాన్ని కొట్టివేయడానికి ఒక్క అంకె చాలు. నిప్పు తగలకుండా తనంతట తాను మండాలంటే పెట్రోలు దాదాపు 250 డిగ్రీలు దాటాలి. మన ఎండలు ఎంత ముదిరినా దాని దరిదాపులకు రావు.

అసలు చిక్కు "మిగతా సగం గాలికి వదలండి" అన్న మాటలో ఉంది. పాత్రలో ద్రవం మట్టానికీ మూతకూ మధ్య మిగిలే జాగాను మన భాషలో వెలితి అంటాం. ముదురు కొబ్బరికాయను చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు వినిపించేది ఆ వెలితి వల్లనే. ఇంధన ట్యాంకులో అది ఖాళీ కాదు. గాలీ ఇంధనపు ఆవిరీ కలిసి ఉండే చోటు. ద్రవం తనంతట తాను మండదు, మండేది ఆవిరి; పేలుడుకు కావలసిన గాలి కూడా వెలితిలోనే ఉంటుంది. అందుచేత సగం నింపడమంటే పేలడానికి వీలున్న చోటును పెంచడమే. పైగా ఆవిరి పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది కాని పెట్రోలు ఎన్ని లీటర్లుందన్న దాన్ని బట్టి ఉండదు కనుక, సగం నింపితే పీడనం తగ్గుతుందన్న ఆశ కూడా నిలవదు.

అలాగైతే సగం ట్యాంకుతో తిరిగే బండ్లన్నీ ఎందుకు పేలడం లేదన్న ప్రశ్న వస్తుంది. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. తక్కువైతే ఇంధనం చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. మూసి ఉన్న ట్యాంకులో కాస్త పెట్రోలు ఉన్నా, మన వేసవి వేడికి వెలితిలో సగం దాకా ఆవిరే నిండి, పై హద్దును ఎంతో దాటిపోతుంది. చాలా పెట్రోలు కార్లలో పంపు మోటారు ట్యాంకు లోపలే తిరుగుతున్నా ప్రమాదం లేకపోవడానికి ఇది ముఖ్య కారణం. మూత మూసి ఉండడమే ఇక్కడ రక్ష. రోజూ మూత తీస్తే ఆ ఆవిరి బయటికి వచ్చి గాలిలో పలచబడుతూ ఎక్కడో ఒక చోట సరిగ్గా మండే పాళ్లకు చేరుతుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోకుండా నేల వెంట పాకుతుంది. జనరేటర్ షెడ్డులో ఆ నేల మీద బ్యాటరీ ఉంటుంది, స్విచ్ ఉంటుంది, ఒక్కోసారి బీడీ కాల్చుకునే మనిషి కూడా ఉంటాడు. సందేశంలోని సలహాలన్నింటిలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

వెలితి గురించి ప్రపంచం నేర్చుకున్నది చాలా ఖరీదైన పాఠాల ద్వారా. 1969 డిసెంబరులో మార్పెసా, మాక్ట్రా, కాంగ్ హాకోన్ 7 అనే మూడు భారీ చమురు నౌకల్లో ఒకే నెలలో పేలుళ్లు జరిగాయి. మూడూ చమురు దించేసి, ఖాళీ ట్యాంకులను నీటి ధారలతో కడుగుతున్న నౌకలే. ఆ ధారలు లేపిన నీటి తుంపరలో స్థిర విద్యుత్తు పోగవుతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. నేడు పెద్ద చమురు నౌకల వెలితిలోకి జడవాయువును, అంటే మంటకు తోడ్పడని వాయువును, పంపి ఆక్సిజన్‌ను 8 శాతానికి మించకుండా ఉంచుతున్నారంటే ఆ నెల దానికి ముఖ్య కారణం.

1996 జులై 17న న్యూయార్క్ నుంచి ప్యారిస్ బయలుదేరిన టీడబ్ల్యూఏ 800 విమానం కొద్ది నిమిషాలకే గాలిలో పేలి 230 మంది మరణించారు. పేలినది మధ్య ట్యాంకు. దాదాపు 49,000 లీటర్లు పట్టే దానిలో అప్పుడున్నది సుమారు 190 లీటర్లు. ట్యాంకు కింద నడిచిన ఏసీ యంత్రాలు ఆ కొద్ది ఇంధనాన్ని వేడెక్కించి వెలితిని మండే మిశ్రమంతో నింపాయి. నిప్పురవ్వ ఎక్కడిదో నూటికి నూరుపాళ్లు తేలలేదు. వైర్ల షార్ట్ సర్క్యూట్ కావచ్చునని అమెరికా దర్యాప్తు సంస్థ భావించింది. దర్యాప్తులో భాగంగా అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జోసెఫ్ షెపర్డ్ బృందం చేసిన ప్రయోగాల్లో, ఇంధనం వేడెక్కేకొద్దీ దాని ఆవిరిని అంటించడానికి కావలసిన రవ్వ శక్తి విపరీతంగా తగ్గిపోతుందని తేలింది. 2008లో అమెరికా విమానయాన శాఖ ఇలాంటి ట్యాంకుల్లో మండే స్వభావాన్ని తగ్గించాలని నిబంధన తెచ్చింది. నత్రజని పంపి ఆక్సిజన్‌ను 12 శాతం లోపుకు దించే ఏర్పాటు అలా వచ్చింది.

ఆ విమానపు ఇంధనం ఫ్లాష్ పాయింట్, అంటే పైనున్న ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 38 డిగ్రీల పైన ఉండాలని నియమం. మన డీజిల్‌కు ప్రమాణం కోరే కనీసం 35 డిగ్రీలు. డీజిల్ అంత సులువుగా అంటుకోదన్నది చెరువు గట్ల మీద అందరి నమ్మకం. పుష్య మాసంలో అది చెల్లుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన, అడుగున నాలుగు లీటర్లు మిగిలిన ఇనుప డ్రమ్ము విషయంలో చెల్లదు. ఆ వెలితి మండే హద్దుల్లోకి వచ్చి ఉండవచ్చు. నీడన పెట్టి, బిరడా బిగించి ఉంచడమే దానికి తగిన జాగ్రత్త.

ఇక పెట్రోలు పోసిన 200 లీటర్ల డ్రమ్ము ఖాళీ అయిందని నీళ్ల తొట్టికో, తెప్పకో కోయించుకునే అలవాటు రాజోలు, మలికిపురం వైపు కూడా ఉంది. నా లెక్క ప్రకారం అంత డ్రమ్ములో సుమారు 15 మిల్లీలీటర్ల పెట్రోలు, ఒక పెద్ద చెంచాడు, పూర్తిగా ఆవిరైతే వెలితి మొత్తం మండే హద్దులోకి వస్తుంది. అతుకుల సందుల్లో, తుప్పు పొరల్లో ఆ చెంచాడు ఎప్పుడూ దాగి ఉంటుంది. కటింగ్ మంట వేడికి ఆవిరవుతుంది. డీజిల్ డ్రమ్ము కూడా మంట తగిలాక అంతే. ఎండబెట్టామనో, ఒకసారి నీళ్లతో కడిగామనో ధైర్యం చేయకూడదు. లోపలంతా నీటి ఆవిరితో శుభ్రం చేసి, గ్యాస్ మీటరుతో పరీక్షించి, ఆ తరువాత కూడా కోసే చోటికి కాస్త దిగువ దాకా నీళ్లు నింపి, పై బిరడా తెరిచి ఉంచి పని చేయాలి. ఆ ఏర్పాటు లేని షెడ్డుకు డ్రమ్మును అసలు తీసుకుపోకూడదు.