థేనా గారికి, ఆకలితో

సలమాంకా, స్పెయిన్.
అక్టోబరు చివరి ఆదివారం.

మహారాజశ్రీ రాత్రి భోజనం గారి సముఖానికి,

నమస్కారములు. మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలన్న దగ్గరే నాకు మొదటి చిక్కు వచ్చింది. హైదరాబాదులో మూడు సెమిస్టర్లు నేను చదివిన స్పానిష్ పుస్తకం మిమ్మల్ని ‘సేనా’ అంది. అది లాటిన్ అమెరికా ఉచ్చారణను నమ్ముకున్న పుస్తకం కాబట్టి దాని తప్పేమీ లేదు. ఈ స్పెయిన్ నేల మీద దిగాక, నాలుకను పళ్ళ మధ్యకు తెచ్చి ‘థేనా’ అనాలని తెలిసింది. మా భాషలో సేన అంటే దండు. సాయంత్రం ఆరింటికి వచ్చి పది దాటేవరకు నా కడుపును ముట్టడించి కూర్చునే మీకు ఆ పాత పేరే బాగా నప్పుతుందని నా అభిప్రాయమైనా, ఏ ఊరి మర్యాద ఆ ఊరిది కనుక థేనా గారూ అనే సంబోధిస్తున్నాను.

నేను ఈ ఊరు చేరి ఏడు వారాలైంది. 1218లో మొదలైన విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో ఒక సెమిస్టరు చదువుకోబోతున్నానని చుట్టాలందరికీ చెప్పుకొని బయలుదేరినదాన్ని. బసకు హాస్టలు కాకుండా ఒక కుటుంబాన్ని ఎంచుకున్నానంటే, భాష క్లాసులో కంటే ఇంట్లో త్వరగా వస్తుందని నలుగురూ చెప్పడమే కారణం. నాకు ముందుగా పంపిన కాగితంలో ‘మూడు పూటలా భోజనం కుటుంబంతో కలిసి’ అని స్పష్టంగా రాసి ఉంది. విద్యార్థి ఫ్రిజ్ తెరవరాదని, రాత్రిపూట వంటగది వాడరాదని అంతకంటే స్పష్టంగా రాసి ఉంది. రాత్రి అంటే ఎంత రాత్రి అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఏడున్నరకు మెస్సు తెరుస్తారంటే ఏడూ ఇరవైకే కంచం పట్టుకొని వరుసలో నిలబడే హాస్టలు ప్రాణిని నేను. ఆ సంగతి అడగాలన్న ఆలోచనే రాలేదు.

మొదటి రోజు సాయంత్రం ఆరున్నరకు ఆ ఇంటావిడ సెన్యోరా గారు బిస్కెట్ల డబ్బా మూత తీసి నా ముందు పెట్టి ‘మెరియేందా?’ అన్నారు, అంటే సాయంత్రపు చిరుతిండి. కొత్త ఇల్లు, మొదటి రోజు, పెద్దావిడ. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా ఇంట్లో ఉగ్గుపాలతోనే రంగరించి పోశారు. ‘వద్దండీ, ఇప్పుడే తిన్నాను’ అనాలి. అవతలివారు ‘అదేమిటమ్మా, ఒక్కటి తీసుకో’ అనాలి. మళ్ళీ వద్దనాలి. మూడోసారి బతిమాలాక, వారి మాట తీసెయ్యలేక అన్నట్టు రెండు తీసుకోవాలి. నేను నా వంతు వాక్యాన్ని ‘నో, గ్రాథియాస్’ అని చక్కగా అప్పజెప్పి, ఆవిడ వంతు వాక్యం కోసం ఎదురుచూశాను. ఆవిడ ‘బాలే’ అన్నారు. నాకది ‘భలే’ అన్నట్టు వినపడి ఒక్క క్షణం సంతోషించాను. బాలే అంటే సరే. ఆవిడ డబ్బా మూత పెట్టేశారు. మొహమాటానికి సమానమైన స్పానిష్ మాట కోసం ఏడు వారాలుగా వెతుకుతున్నాను. ఆ మూత పడిన చప్పుడు తలచుకుంటే, వస్తువే లేనిచోట దానికి పేరెందుకుంటుందని కూడా అనిపిస్తుంది.

అక్కడినుంచి మీ రాక కోసం నేను కూర్చున్న కూర్చోవడం గురించి మీకు తెలియాలి. ఏడున్నర అయింది, ఎవరూ వంటింటి వైపు చూడలేదు. ఎనిమిదిన్నర అయింది, బయట ఇంకా వెలుతురుంది. తొమ్మిదింటికి అమ్మమ్మగారు, అంటే సెన్యోరా గారి తల్లి, టీవీలో వార్తలు పెట్టారు. మా ఇంట్లో తొమ్మిదింటి వార్తలంటే అప్పటికి అంట్లు కూడా తోమడం అయిపోయి, పాలు తోడుపెట్టి, వంటింట్లో దీపం ఆర్పేసి ఉంటుంది. ఇక్కడ వార్తల తర్వాత వాతావరణం చెప్పారు. ఆ తర్వాతే బంగాళదుంపల చెక్కు తీయడం మొదలైంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. రెండూ ఒకే సోఫాలో, ఒకే మనిషికి, ఒకేసారి ఎదురైతే ఏది దేన్నెరుగదో వారు చెప్పలేదు.

అయితే మీరు వచ్చే తీరు చూడముచ్చటగానే ఉంటుందని ఒప్పుకోవాలి. పల్చగా తరిగిన దుంపముక్కలు ఆలివ్ నూనెలో వేగీ వేగకుండా మెత్తబడుతుంటే సెన్యోరా గారు గుడ్లు గిలకొట్టారు. ముక్కల్ని నూనెలోంచి వడగట్టి గుడ్డుసొనలో నానబెట్టి, మళ్ళీ పెనంలో పోశారు. ఒక వైపు బిగిశాక పెనం మీద పళ్ళెం బోర్లించి, అరచేతితో అదిమిపట్టి, మాట మధ్యలో ఆపకుండా, ఒక్క తిప్పులో మొత్తం తలకిందులు చేసి, పచ్చిగా ఉన్న వైపు కిందికి వచ్చేలా తిరిగి పెనంలోకి జార్చారు. ఒక్క చుక్క సొన బయట పడలేదు. తోర్తియా అనే ఈ దుంపల అట్టులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్న విషయంలో ఈ ఇంట్లో భార్యాభర్తలకు పడదు. ఈ దేశంలోనే పడదట. మా వైపు పప్పుచారుకూ సాంబారుకూ మధ్య ఉన్నపాటి వైరం ఇక్కడ ఒక్క ఉల్లిపాయ మీద నడుస్తోంది.

నోటికి కాస్త కారం ఉంటుందా అని అడిగాను. ఆవిడ ఎంతో ఆదరంగా ఒక ఎర్రటి పొడి డబ్బా తెచ్చారు. రంగు చూసి ప్రాణం లేచొచ్చింది. రెండు చెంచాలు జల్లుకొని, కళ్ళల్లో నీళ్ళు రావడానికి సిద్ధపడి నోట్లో పెట్టుకుంటే, అది పిమెంతోన్ అనే, పొగ వాసన వేసే తియ్యటి మిరపపొడి. థేనా గారూ, ఈ ఒక్క విషయం నాకు మింగుడుపడటం లేదు. అమెరికా ఖండం నుంచి మిరపను ఓడల్లో మోసుకొచ్చింది మీవాళ్ళు. అది పోర్చుగీసువారి చేతుల మీదుగా మా తీరానికి చేరింది. మూడో చేతిన అందుకున్న మేము దాన్ని గుంటూరు దాకా తీసుకెళ్ళి ఇంతదాన్ని చేసుకుంటే, మొదట తెచ్చిన మీరు దానికి పొగబెట్టి, పళ్ళన్నీ ఊడగొట్టి, తోర్తియా మీద రంగుకు వాడుతున్నారు.

ఇక సలాడ్ సంగతి. బల్ల మధ్యలో ఒక పెద్ద గిన్నె పెట్టారు. నాకు వడ్డించే గరిటె కోసం చూస్తున్నాను. ఇంతలో సెన్యోర్ గారు తాను తింటున్న ఫోర్కునే అందులో గుచ్చి ఒక టమాటా ముక్క తీసుకున్నారు. ఆ తర్వాత అబ్బాయి, ఆ తర్వాత అమ్మమ్మగారు. నోట్లోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి నోట్లోకి నాలుగు ఫోర్కులు రాట్నంలా తిరుగుతుంటే, నాకు మా నాయనమ్మ కళ్ళముందు నిలబడింది. ఎడమచేత్తో గరిటె పట్టుకొని కుడిచెయ్యి అన్నం గిన్నెకు తగలకుండా జీవితమంతా గడిపిన మనిషి ఆవిడ. ఎంగిలి అన్న భావాన్ని ఈ బల్ల దగ్గర వివరించాలంటే నాకు ఇంకో మూడు సెమిస్టర్ల స్పానిష్ కావాలి. నాలుగు రోజులు సలాడ్ ఇష్టం లేనట్టు నటించాను. అయిదో రోజు ఆకలి నాయనమ్మను గెలిచింది.

తినడం అయ్యాక లేవవలసింది పోయి, అందరూ అలాగే కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి సోబ్రెమేసా అని పేరుపెట్టి దాన్ని ఒక సంస్థలా నడుపుతున్నారు మీరు. మా ఇళ్ళల్లో ఎంగిలిచెయ్యి ఎండబెట్టుకొని కూర్చుంటే అరిష్టం, తిట్లు తప్పవు. ఇక్కడ తిన్నది ఫోర్కుతో కాబట్టి ఎండడానికి చెయ్యి లేదని సర్దిచెప్పుకున్నాను. చివర్లో చిన్న కప్పులో పెరుగు ఇచ్చారు. పెరుగుతో భోజనం ముగిసే దేశం ఇంకొకటి ఉందని కళ్ళు చెమర్చి, అలవాటు కొద్దీ అందులో ఉప్పు వేసుకున్నాను. పంచదార వేసుకోబోతున్న అమ్మమ్మగారి చెంచా గాల్లోనే ఆగిపోయింది.

భాష విషయంలో మీరు నాకు చేసిన ఉపకారాన్ని దాచను, అపకారాన్నీ దాచను. క్లాసులో నా పక్కన కూర్చునే అమెరికా పిల్లలు ‘మే గుస్తా’ దగ్గర పదిహేను రోజులు ఏడ్చారు. ఇష్టపడేది నేనైతే కర్త స్థానంలో తోర్తియా ఎందుకు కూర్చుంటుందని వాళ్ళ గోల. నాకు ఆ బాధ లేదు. ‘నాకు తోర్తియా ఇష్టం’ అంటే అదే కదా. మన ‘కు’ విభక్తి ఎవరి దయా లేకుండా సముద్రాలు దాటి ఇక్కడ బతుకుతోంది. ఆ ధీమాతోనే దెబ్బతిన్నాను. ఇష్టం దగ్గర కలిసివచ్చిన వ్యాకరణం ఆకలి దగ్గర చెయ్యిచ్చింది. ‘నాకు ఆకలి’ అనకూడదట, ‘నేను ఆకలిని కలిగి ఉన్నాను’ అనాలట: తేంగో ఆంబ్రే. రెండో వారంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, ఇక ఆగలేక, ధైర్యం కూడగట్టుకొని, ఇల్లంతా వినపడేలా ‘తేంగో ఓంబ్రే’ అన్నాను. ఒక్క అచ్చు తేడా. నాకొక మగవాడున్నాడని ప్రకటించానన్నమాట. టీవీ గొంతు తగ్గింది. సెన్యోర్ గారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అమ్మమ్మగారు మాత్రం ఏమీ తొణకకుండా, అయితే అతన్ని కూడా భోజనానికి పిలవమన్నారు.

పిలుపుల దగ్గర ఇంకో తమాషా. సెన్యోరా గారిని నేను మొదటినుంచి ‘ఉస్తేద్’ అంటూ వచ్చాను, అంటే మీరు. ఆవిడ ముఖం ముడుచుకొని ‘తూ’ అనమంటారు, అంటే నువ్వు. ఆలోచిస్తే ఆవిడ బాధ నాకు తెలుగులోనే అర్థమైంది: మనం అమ్మను నువ్వంటాం, అత్తగారిని మీరంటాం. నేను మర్యాద అనుకొని వారం రోజుల పాటు ఆవిడను అత్తగారిని చేసి కూర్చోబెట్టాను. ఆవిడ మాత్రం నన్ను ‘ఇహ’ అని పిలుస్తారు, కూతురా అని. మొహమాటం ఎరుగని ఆ మనిషే బల్ల ముందు కూర్చున్నాక వేరే మనిషైపోయి, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ ‘ఇహ, కోమే’ అంటారు. ‘ఇహ తిను’ అని మా అమ్మ అన్నట్టే వినపడుతుంది, అర్థం కూడా పెద్దగా తేడా లేదు.

మీ ఆలస్యానికి కారణం ఏమిటని క్లాసులో అడిగితే, తప్పు మీది కాదు గడియారానిదన్నారు. గ్రీన్‌విచ్ రేఖ ఈ దేశపు తూర్పు కొసన కాస్తెయోన్ మీదుగా పోతుంది. సలమాంకా దానికి బాగా పడమర. న్యాయంగా మీ గడియారం లండన్‌తో, పక్కనున్న పోర్చుగల్‌తో కలిసి నడవాలి. కానీ 1940 మార్చి 16న నియంత ఫ్రాంకో ప్రభుత్వం రాత్రి 11 గంటలను 12 చేసి బెర్లిన్ సమయంతో కలిపింది, మళ్ళీ వెనక్కి తిప్పనే లేదు. అందువల్ల, గడియారాన్ని ఇంకో గంట ముందుకు తిప్పే ఎండాకాలపు సమయం నడిచే సెప్టెంబరులో ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం రెండూ ఇరవై దాకా చూపుతుంది. ఆ లెక్కన మధ్యాహ్నం రెండున్నరకు తినేది మిట్టమధ్యాహ్నపు భోజనమే, రాత్రి పదింటికి తినేది సూర్యుడు ఒప్పుకున్న ఎనిమిదిలోపు భోజనమే. ఈ వాదన విన్న రోజు మీ మీద నాకు కొంత గౌరవం కలిగింది. ఎనభై ఏళ్ళు దాటినా ఒక నియంత తిప్పిన ముల్లుకు లొంగకుండా, సూర్యుణ్ణి మాత్రమే నమ్ముకొని వస్తున్నారని అనుకున్నాను.

అదంతా నిన్నటి మాట. ఆ ఎండాకాలపు సమయం ముగిసిందని ఈ తెల్లవారుజామున మూడు గంటలను రెండు చేశారు. గంట వెనక్కి వెళ్ళిందంటే మీరు కూడా గంట ముందే వస్తారని వారం రోజులుగా ఆశపడ్డాను. నిన్నటి పది ఇవాళ్టి తొమ్మిది కదా. సెన్యోరా గారిని అడిగితే నవ్వి, పది అంటే పదే అన్నారు. అంటే మీకు సూర్యుడూ అక్కరలేదు, మార్చిలో అటు, అక్టోబరులో ఇటు, ఎటు తిప్పితే అటు గడియారం వెంట పోతారన్నమాట. సూర్యుడి లెక్కన ఇవాళ మీరు వచ్చేసరికి తొమ్మిది కావస్తుంది. నిన్నటిదాకా మీ తరఫున చెప్పడానికి ఒక సాక్షి ఉండేవాడు; ఇవాళ అతను కూడా జారుకున్నాడు.

ఇందులో నాకు కలిగిన అసలు నష్టం ఇది. మా అమ్మ రోజూ పడుకోబోయే ముందు, అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తుంది. ఆవిడ మొదటి ప్రశ్న ‘అన్నం తిన్నావా?’ అని. ఇక్కడ అప్పుడు సాయంత్రం ఆరు. ‘ఇంకా లేదమ్మా’ అంటాను. నలభై తొమ్మిది రోజులు నలభై తొమ్మిదిసార్లు ‘ఇంకా లేదమ్మా’ అన్నాను. డబ్బు కట్టించుకొని ఆ ఇంట్లో పిల్లను పస్తులు పెడుతున్నారని ఆవిడ నిర్ధారణకు వచ్చి, పచ్చళ్ళ పార్సిల్ ఖర్చు కనుక్కుంటోందని తమ్ముడి ద్వారా తెలిసింది. గడియారం మారింది కాబట్టి ఇవాళ ఆ ఫోన్ అయిదింటికే వస్తుంది. మీరు నాకు మరో గంట దూరమయ్యారు.

కాబట్టి తమరితో నా విన్నపం ఒక్కటే. తమరు ముందుగా రానక్కరలేదు. ఈ రాత్రి పదింటికి, భారతదేశంలో రెండున్నరకు, మా అమ్మ నిద్రలేచి ఉండే అవకాశం లేదు గనుక, రేపు సాయంత్రం అయిదింటికి ఆవిడ అడిగే ప్రశ్నకు మీరే ఫోన్ తీసుకొని, తెలుగులో, మర్యాదగా సమాధానం చెప్పగలరు.

ఇట్లు,
తమ కోసం వేచివున్న,
నాలుగో అంతస్తు, వంటింటి పక్క గది విద్యార్థిని

తా.క.: బిస్కెట్ పాకెట్ నా అల్మారాలో దుప్పట్ల కింద ఉన్న సంగతి సెన్యోరా గారికి తెలిసిపోయింది. ఏమీ అనలేదు, పాకెట్ పక్కన పొడి రాలకుండా ఒక పళ్ళెం పెట్టి వెళ్ళారు. అమ్మమ్మగారు మాత్రం అది ఆ ఓంబ్రే కోసమే అనుకుంటున్నారు.