అవసరం పడ్డ రోజే చెల్లని జీపీఏ

గుంటూరులో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్ అన్నీ పద్ధతిగా చేసుకునే మనిషి. అమెరికాలో ఉన్న కొడుకు సెలవులకు వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి అతని పేర జీపీఏ, అంటే తన బదులు ఆస్తి, డబ్బు వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), రిజిస్టర్ చేయించారు. లామినేషన్ కూడా చేయించి బీరువాలో పెట్టారు. రెండేళ్లకు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి స్పృహ పోయింది. కొడుకు ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళితే మేనేజర్ అడిగింది ఒకటే: "నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారండీ?" అబ్బాయి ఉన్నమాట చెప్పాడు. ఇంక జీపీఏ మీద డబ్బు ఇవ్వడం కుదరదన్నారు.

మేనేజర్‌ని అనడానికి లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో రద్దు. ఇంకో విచిత్రం 209వ సెక్షన్‌లో ఉంది. అలా రద్దయ్యాక కూడా ఆ మనిషి ప్రయోజనాలు కాపాడేందుకు ఏజెంటు, అంటే అధికారం పుచ్చుకున్నవాడు, తగిన చర్యలన్నీ తీసుకోవాలట. దేనితో తీసుకోవాలి?

మన ఇళ్లలో చాలామంది నామినీ ఉన్నాడులే అనుకుంటారు. నామినీకి పని పడేది ఖాతాదారు పోయాకే. జాయింట్ సేవింగ్స్ ఖాతా కొంత ఆదుకుంటుంది. జాయింట్ ఎఫ్‌డీని గడువుకు ముందే తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. సంతకం పెట్టలేని ముసలివాళ్ల నుంచి వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో ఉంది. ఎందుకు వేస్తున్నారో తెలియని మనిషి చేత వేయిస్తే మాత్రం అది మోసం కిందికే వస్తుంది.

ఇక మిగిలేది హైకోర్టు. కోమాలో ఉన్నవాళ్లకు గార్డియన్‌ను నియమించడానికి ప్రత్యేక చట్టం లేకపోవడంతో 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు పరీక్ష, రెవెన్యూ విచారణ, ఆ తర్వాత ఉత్తర్వు. ఈలోగా ఐసీయూ బిల్లు ఆగదు కదా.

2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను ఒప్పుకుంది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. అంటే కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ తీసేయమని ఈ దేశంలో ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆ ఆస్పత్రి బిల్లు కోసం నా ఎఫ్‌డీ తీయమని మా అబ్బాయికి ముందే అధికారం రాసివ్వలేను.

201వ సెక్షన్ వెనకున్న సూత్రం ఇంగ్లండ్ నుంచి వచ్చిందే. వాళ్లు దాన్ని 1985లోనే సడలించుకున్నారు. 2007 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే రాసినవాళ్లకు మతిస్థిమితం పోయాక కూడా చెల్లే అధికారపత్రం, నడుస్తోంది. ఆస్తికి ఒకటి, వైద్యానికి ఒకటి, విడివిడిగా రాస్తారు. రాసేవాళ్ల మీద ఎవరి ఒత్తిడీ లేదని డాక్టరో, లాయరో, బాగా ఎరిగినవాళ్లో మాట్లాడి ధ్రువీకరించాలి. పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో రిజిస్టర్ అయితే తప్ప అది చెల్లదు. డబ్బు పక్కదారి పడితే ఆ ఆఫీసే విచారిస్తుంది, కోర్టు రద్దు చేస్తుంది.

ఇక్కడ ఇలాంటిది తెస్తే పిల్లలే ఆస్తి కాజేస్తారని ఒక మాట వస్తుంది. జీపీఏల మీద భూములు చేతులు మారడం చూసినవాళ్లకు ఆ భయం ఉండటంలో తప్పులేదు. అందుకే 201కి మినహాయింపు ఒక్కటే చాలదు, లెక్కలు అడిగే ఆఫీసు కూడా కావాలి. భయమంతా పిల్లల మీదే అయితే మాత్రం, పిన్ నంబర్ రాసిన చీటీతో తండ్రి ఏటీఎం కార్డు పట్టుకెళ్లే కొడుకును ఇప్పుడు లెక్క అడుగుతున్నదెవరు? గుంటూరులో అబ్బాయి చివరికి చేసిందీ అదే.