దుబాయ్‌కి రెండున్నర గంటలు, తిరిగి రావడానికి ఐదా?

ఉద్దానం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఉదయం పదింటికి విమానం ఎక్కితే దుబాయ్‌లో పన్నెండున్నరకి దిగుతాం, అంటే రెండున్నర గంటలే. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కితే ఇక్కడ సాయంత్రం ఆరు, అంటే ఐదు గంటలు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి వెళ్ళేటప్పుడు దుబాయే మనకి ఎదురొస్తుందట, వచ్చేటప్పుడు హైదరాబాద్ అందకుండా ముందుకు పోతుందట, అందుకే వచ్చే టికెట్ రేటు కూడా ఎక్కువట! సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం నుంచి వెల్డింగు పనికనీ ఫిట్టింగు పనికనీ గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు అంతమంది ఉన్న చోట కూడా దీనికి దండాలు, చప్పట్లు పెడుతున్నారు చూడండి, అదీ విచిత్రం.

ముందు ఆ రెండున్నర, ఐదు లెక్క. టికెట్ మీద ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడ పన్నెండున్నర అంటే ఇక్కడ రెండు, కాబట్టి వెళ్ళడానికి పట్టింది నాలుగు గంటలు. అక్కడ ఒంటిగంట అంటే ఇక్కడ రెండున్నర, ఆరింటికి దిగారంటే మూడున్నర గంటలు. అంటే వచ్చేటప్పుడే తొందరగా వస్తున్నాం, మెసేజ్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. నమ్మకపోతే టికెట్‌లో ఆ రెండు టైముల మధ్య చిన్న అక్షరాల్లో ప్రయాణ సమయం వేసి ఉంటుంది, జూమ్ చేసి చూసుకోండి.

ఇక భూమి ఎదురు రావడం. హైదరాబాద్ ఉన్న అక్షాంశం దగ్గర భూమి గంటకి దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, విమానం వేగం 850, 900. మెసేజ్ నిజమైతే దుబాయ్ వెళ్ళడానికి ఇంజిన్ అక్కర్లేదు, గాల్లో ఊరికే నిలబడితే చాలు, సుమారు 2,550 కిలోమీటర్ల దూరం గంటా ముప్పావులోపే మన కిందకి వచ్చేస్తుంది. మరి తిరిగొచ్చే విమానం? 1,590తో పారిపోతున్న హైదరాబాద్‌ని 900తో ఎప్పటికి అందుకుంటుంది? ఐదు గంటలు కాదు కదా, జన్మలో చేరదు. అసలు సంగతి, భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది, విమానం ఎగిరేది ఆ గాల్లోనే. పలాస దాటి జోరుగా పోతున్న రైలు పెట్టెలో ఈగ ఎగిరితే వెనక గోడకి కొట్టుకుంటుందా?

మరి ఆ అరగంట తేడా ఎక్కడిది అంటే, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున చలికాలంలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. వానాకాలంలో దక్షిణాదిన పైన తూర్పు గాలులు జోరందుకుంటాయి (దీన్నే తూర్పు జెట్ అంటారు, మన శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో దీని గురించి రాశారు), అప్పుడు ఈ తేడా తగ్గిపోతుంది.

భూమి తిరగడానికి ఇందులో పాత్రే లేదా అంటే ఉంది, గడియారంలో. ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు. మన టైమ్ కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖది, వాళ్ళది 60 డిగ్రీలది, తేడా 22.5, నాలుగుతో గుణిస్తే 90 నిమిషాలు.

రేటు సంగతి ఒక్క ముక్క: అది జనాన్ని బట్టి, సీజన్‌ని బట్టి. సంక్రాంతి ముందు ఊరొచ్చే టికెట్ చూడండి, తర్వాత చూడండి, భూమి అదే స్పీడులో తిరుగుతుంటుంది.

సికింద్రాబాద్‌లో ఊరి రైలుకి రిజర్వేషన్ చేయించేవాళ్ళు మాత్రం జాగ్రత్త, టికెట్‌లో హైదరాబాద్ దిగే టైమ్ మన టైమే, దానికి మళ్ళీ గంటన్నర కలపొద్దు, తీసేయొద్దు.