బాఫిల్‌కీ కౌలింగ్‌కీ మధ్య వెలసిన సందు గారికి

మహారాజశ్రీ సందు గారి సముఖానికి,

సొంతంగా విమానం కట్టుకుంటున్న ఒక బిల్డర్ నమస్కరించి రాయునది ఏమనగా, తమరు క్షేమమని నాకు తెలుసు. సిలిండర్ హెడ్ టెంపరేచర్ గేజ్ వంక చూసినప్పుడల్లా తమ క్షేమ సమాచారం అందుతూనే ఉంది.

తమరు అక్రమంగా పుట్టారని నేననను. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ఒళ్లంతా విదిలించుకుంటుంది. కౌలింగ్, అంటే ఇంజన్‌ని కప్పే ఫైబర్‌గ్లాస్ తొడుగు, మాత్రం విమానం ఒంటికి బిగించి ఉంటుంది, దానికి ఈ ఊపుతో సంబంధం లేదు. ఇంజన్‌కి బిగించి, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బాఫిల్ రేకు అంచు కౌలింగ్‌కి తగిలేలా ఉంటే ఫైబర్‌గ్లాస్‌ని కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతుంది. అందుకే రేకు అంచుకీ కౌలింగ్‌కీ మధ్య సుమారు అర అంగుళం ఖాళీ వదులుతాం. అంటే తమరికి పట్టా రాసిచ్చింది మేమే. గొడవల్లా, ఆ స్థలంలోంచి తమరు గాలికి దొడ్డిదారి తెరవడమే.

రాజమార్గం ఏమిటో తమరికి తెలియనిది కాదు. ముందు రెండు ద్వారాల్లోంచి వచ్చిన గాలి ఇంజన్ పైన ఒత్తిడితో నిలవాలి. అక్కడినుంచి సిలిండర్ల ఫిన్స్ (వేడిని గాలికి వదిలే పలచటి రెక్కలు) మధ్య ఇరుకులోంచి కిందికి దిగి, వేడిని మోసుకుని, అడుగున బయటికి పోవాలి. కానీ గాలికి ఒళ్లు వంచే అలవాటు లేదు. తమరు కనబడితే చాలు, అటు తిరిగి, ఒక్క ఫిన్‌నైనా పలకరించకుండా వెనకనుంచి జారుకుంటుంది. పని చేయలేదు సరికదా, లోపలికి వచ్చిపోయినందుకు డ్రాగ్ (విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం) బిల్లు మన ఖాతాలోనే వేస్తుంది.

పైగా మన పెట్టుబడే అంతంత మాత్రం. సముద్రమట్టం దగ్గర 100 నాట్ల వేగంతో ఎక్కుతుంటే, ఎదురుగాలి తోపు మొత్తం కలిపినా సుమారు ఆరున్నర అంగుళాల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి. అదైనా పూర్తిగా ఇంజన్ పైకి చేరదు. ఆ కాస్త ఒత్తిడితోనే సిలిండర్లన్నీ చల్లబడాలి. ఇక్కడ తమరు పావు అంగుళం వెడల్పున, 40 అంగుళాల పొడవున విశ్రాంతి తీసుకుంటున్నారనుకుందాం. 10 చదరపు అంగుళాలు! అరచేయంత కిటికీ తెరిచిపెట్టి, ఇంజన్‌ని చల్లగా ఉండమనడం తమరికే చెల్లింది.

తమరి అసలు ప్రతిభ ఏమిటంటే, నేరం ఎప్పుడూ తమరి మీదికి రాదు. ఎక్కేటప్పుడు సిలిండర్ వేడి 430 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిందా, ముందు గేజ్‌ని అనుమానిస్తాం. తరవాత వేడి కొలిచే ప్రోబ్‌ని. ఆ తరవాత కార్బురేటర్, ఇగ్నిషన్ టైమింగ్, చివరికి ఎండ. కౌలింగ్ అడుగున బయటి ద్వారం పెద్దది చేసేవాళ్లున్నారు, నున్నగా పెయింట్ వేసిన కౌలింగ్‌కి లూవర్లు (వేడిగాలి పోయే చీలికలు) కోసేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఒక్కోసారి నిజమైన దోషులు దొరుకుతారు, కాదనను. ఎవరు దొరికినా దొరక్కపోయినా తమరు మాత్రం లోపల హాయిగా ఉంటారు, ఎందుకంటే కౌలింగ్ మూస్తే తమరు ఎవరికీ కనబడరు, తీస్తే అసలు ఉండనే ఉండరు. విమానాల ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ వారు ఎన్నో ఇంజన్లకు గరిష్ఠ హద్దు 500 డిగ్రీలు పెట్టి, సిలిండర్లు నాలుగు కాలాలు మన్నాలంటే గట్టి క్రూయిజ్‌లో (ఎక్కడం అయ్యాక సమంగా సాగే ప్రయాణంలో) 435 లోపు, పొదుపు క్రూయిజ్‌లో 400 లోపు ఉంచమన్నారు. మొదటి అంకె చూసి “ఇంకా బోలెడు మార్జిన్ ఉంది కదా” అని నిద్రపోయేవాళ్లే తమరి పరమ భక్తులు.

ఇక తమరి మీద ప్రయోగించే ఆయుధం గురించి. అది ఫైబర్‌గ్లాస్ బట్ట లోపల పెట్టిన సిలికాన్ రబ్బరు పట్టీ. రేకు అంచుకి పాప్ రివెట్లతో కొట్టి, పైభాగాన్ని ఇంజన్ వైపుకి, అంటే ఒత్తిడి ఉన్న వైపుకి వంచుతాం. అప్పుడు గాలే దాన్ని కౌలింగ్‌కి అదిమిపెడుతుంది. దొంగ చేతికి తాళాలిస్తే ఇల్లు భద్రంగా ఉండేది లోకంలో ఇదొక్కచోటేనేమో. అదే పట్టీ పొరపాటున వెనక్కి వంగిందంటే, గాలి దాన్ని తోసుకుంటూ పోతుంది, తమరికి పండగ.

తమరి కొలత తీయడానికి పేపర్ క్లిప్పులు వాడతాం. రేకు అంచు పొడవునా క్లిప్పులు గుచ్చి, కౌలింగ్ మెల్లగా దించి, మళ్లీ ఎత్తి చూస్తే, కౌలింగ్ తగిలిన చోటల్లా క్లిప్పులు కిందికి జరిగి ఉంటాయి. ఒకటి బాగా దిగి ఉంటుంది, పక్కది ఉన్నచోటే నిలబడి వెక్కిరిస్తుంటుంది. వాటి పైకొనలు కలుపుతూ గీత గీసి, అర అంగుళం వదిలి కత్తిరించాలి. కోయడం ఒక్క నిమిషం పని. కోసింది మళ్లీ అతకదు కాబట్టి గీసిన గీతనే చూస్తూ నిలబడటానికి చాలాసేపు పడుతుంది.

నిటారు వైపులతో పేచీ లేదు. తమరి రాజధాని గాలి ద్వారం పక్క మూల. అక్కడ పట్టీ ఒకేసారి రెండు వైపులకి వంగమంటే మొరాయిస్తుంది, ముడత పడుతుంది, ఆ ముడత కిందే తమరు కాపురం పెడతారు. చీల్చి, ముక్క మీద ముక్క ఎక్కించాలి. అదీ గాలి తోస్తే మూసుకునే వైపే. ఎక్కించి కౌలింగ్ మూశాక అది ఎటు మడత పడిందో చూడాలంటే ద్వారంలోంచి అద్దం, టార్చిలైటు దూర్చి, మెడ పట్టేసేదాకా వంగాల్సిందే.

ఈ గోలంతా ఎందుకని కొందరు సిలిండర్ల మీద గట్టి ప్లీనం మూత (గాలిని సిలిండర్ల మీద పట్టి ఉంచే డొప్ప) బిగిస్తారు. బాగానే ఉంటుంది. కానీ ఆ మూతకీ గాలి ద్వారానికీ మధ్య మళ్లీ కదిలే జాయింటు కావాలి కదా! తమరు అడ్రస్ మార్చుకున్నారంతే. తమరి బంధువర్గం సంగతి సరేసరి. రేకు క్రాంక్‌కేస్‌ని ఆనుకునే చోట, ప్లగ్ వైర్లు దూరే చోట, సిలిండర్ల మధ్యన... వాళ్లకి ఎర్ర ఆర్‌టీవీ (మామూలు వేడికే గట్టిపడే సిలికాన్) గమ్ముతో విడిగా మర్యాద చేస్తున్నాను.

నిన్న రాత్రి షెడ్‌లో దీపాలార్పి, కింది కౌలింగ్‌లో బల్బు పెట్టి, ముందు ద్వారంలోంచి చూశాను. ఫిన్స్ మధ్య కనబడే వెలుగు సరే. ఎడమ ముందు మూలలో, పట్టీ పక్కన, గోరంత వెలుగు కనబడింది. తమరు ప్రస్తుతం అక్కడే మకాం అని అర్థమైంది. కాబట్టి ఈ ఉత్తరాన్నే ఖాళీ చేయమనే నోటీసుగా భావించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు కాని
బిల్డర్

ప్రతులు: ఎడమ ముందు మూలకు, తక్షణ చర్య నిమిత్తం. మూడో సిలిండర్‌కు, కాస్త ఓపిక పట్టమని. గాలికి ప్రతి పంపలేదు, దానికి ముందే తెలిసి ఉంటుంది.